మగ్గం గుంటలో చేపలు

నిలవ నీళ్ళకు ఒక వాసన ఉంటుంది. కుళ్ళు కాదు, పాచి, తడి గాజు, కొంచెం చేప కలిసిన పచ్చి వాసన. మొన్న ఉదయం హాస్టల్లో పై అంతస్తు గదులు చూసుకుంటూ పోతుంటే ఒక గుమ్మం దగ్గర ఆ వాసన తగిలి ఆగిపోయాను. వేలూరు పక్కన కాట్పాడిలో కాలేజీ ఆడపిల్లలు ఉండే హాస్టల్‌కి నేను వార్డెన్‌ని. తడి తువ్వాళ్ళు, నూడుల్స్, గోళ్ళ రంగు, ఇవి నాకు అలవాటైన వాసనలు. ఇది వాటిలోది కాదు. లోపలికి చూస్తే కిటికీ గట్టు మీద గాజు సీసా, అందులో ఒక ఎర్ర చేప, దాని కింద కనురెప్ప వెంట్రుకలంతేసి పిల్లలు అటూ ఇటూ కదులుతున్నాయి. సీసా పక్కన దివ్య నిలబడి ఉంది. మదనపల్లె నుంచి వచ్చి ఇక్కడ చదువుకుంటున్న పిల్ల. బాగా ఏడ్చినట్లుంది, కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

ఆ సీసాకు అనుమతి ఇచ్చింది నేనే. హాస్టల్లో ఏ ప్రాణినీ పెంచకూడదు. దివ్య వెంటపడి బతిమాలితే, ఒకే ఒక్క చేప, రెండోది కనబడితే రెండూ బయటికి పోతాయి అని చెప్పి ఒప్పుకున్నాను. నా కింద పనిచేసే సుగుణ నాకంటే ముందే వచ్చి, సీసాను చూసి, తీర్పు కూడా చెప్పేసింది. మేల్పాడి నుంచి రోజూ బస్సులో వచ్చే మనిషి సుగుణ. పనిలో గట్టిది, నమ్మకాల్లో ఇంకా గట్టిది. "మొగ చేపను యాడనో దాచిపెట్టి ఉండాది మేడమ్. లేకుంటే పిల్లలు యాడ్నుంచి వస్తాయి? అడిగితే తెల్దంటుంది. అబద్ధం కూడా నేర్చుకునింది," అంది. దివ్య నా వైపు చూసి, "ఒక్కటే తెచ్చినా మేడమ్. ఇంకోటి తేలేదు," అంది. నేను సీసా మీదికి వంగాను. చేపను చూస్తున్నానని వాళ్ళిద్దరూ అనుకొని ఉంటారు. నిజానికి ఆ క్షణంలో నేను పుట్టి పెరిగిన గుడియాత్తంలో, మునిరత్నం మామ ఇంట్లో ఉన్నాను.

మునిరత్నం మామ మాకు చుట్టం కాదు, ఎదురింటాయన. మాది నేతవాళ్ళ వీధి. అందరూ తెలుగు మాట్లాడతారు, తెలుగు చదవడం మాత్రం దాదాపు ఎవరికీ రాదు, బడిలో నేర్చింది తమిళం కాబట్టి. నేను ఇప్పుడు రాస్తున్న అక్షరాలు కూడా ఇక్కడికి వచ్చాక చిత్తూరు వైపు పిల్లల దగ్గర నేర్చుకున్నవే. మామ లుంగీలు నేసేవాడు. ముందుగదిలో నేల తవ్వి గుంట చేసి, అందులోకి కాళ్ళు వేలాడేసుకొని కూర్చుని నేసే మగ్గం ఆయనది. పవర్‌లూమ్ గుడ్డ ముందు చేతిగుడ్డ నిలవలేకపోయింది. ఒక ఏడు మగ్గం విప్పేసి, తనూ పవర్‌లూమ్ షెడ్డులో పనికి పోవడం మొదలుపెట్టాడు. మగ్గం పోయింది గానీ గుంట పోలేదు. ఆయన భార్య సరోజత్త, మన్ను పోసి పూడ్చి పైన టైల్స్ వేయించుకుందామని ఆశపడింది. మామ సరే సరే అంటూనే ఒక ఆదివారం సిమెంటు తెచ్చి, గుంటకు లోపలంతా పూసి, నీళ్ళు నింపేశాడు.

"నట్టింట్లో యాడన్నా నీళ్ళగుంట పెట్టుకుంటారా? వచ్చినోళ్ళు పడితే ఏం జెయ్యాల?" అని సరోజత్త అడిగింది. నేను అక్కడే ఉన్నాను.

"పడితే తడుస్తారు," అన్నాడు మామ. "ఇన్నేండ్లు నా కాళ్ళు ఉండింది ఆడనే గదా. నాకేమయింది?"

ఆయన తీరే అంత. మొహంలో నవ్వు ఉండదు, మనకు మాత్రం నవ్వాగదు. కొత్త సిమెంటు సున్నం చేపలను చంపుతుందని ఎవరో చెబితే, సంత నుంచి అరటిబోదెలు తెచ్చి ముక్కలు చేసి ఆ నీళ్ళలో నానేసి, నీళ్ళు పారబోసి, మళ్ళీ నానేసి, ఇల్లంతా అరటితోట వాసన చేసి పెట్టాడు. పెళ్ళిపిలుపుకు వచ్చినవాళ్ళు గుంట అంచున కూర్చుని, ఆ ముక్కలు చూసి, ఏం వండుతున్నారని అడిగి పోయేవాళ్ళు.

చేపల పిచ్చి ఆయనకు వేలూరులో అంటుకుంది. సరోజత్తకు కళ్ళు చూపించడానికి పోయి, ఆస్పత్రి ఎదురుగా ఉన్న రంగుచేపల అంగడి ముందు నిలబడి, ఆమెను పిలిచే వేళకు కూడా లోపలికి పోలేదట. అక్కడ తోక చివర కత్తిలాంటి ముల్లు పొడుచుకొచ్చిన ఎర్ర చేపను చూశాడు. దాన్ని కత్తితోక అంటారు. మగదానికే కత్తి, ఆడదానికి ఉండదు. ఆయనకు నచ్చింది కత్తి కాదు. "అది గుడ్లు పెట్టదంట కస్తూరీ," అని నాతో చెప్పాడు, ఇంటికి రాగానే. "ఆవు మాదిరి పిల్లల్నే ఈనుతాదంట. పుట్టిన నిమిషానికి ఈదుకుంటా పోతాదంట." నేనప్పుడు ప్లస్ టూ చదువుతున్నాను. మాకు జంతుశాస్త్రం పుస్తకంలో కప్ప, బొద్దింక, మనిషి ఉన్నాయి గానీ పిల్లల్ని కనే చేప లేదు. సాయంత్రం బడి నుంచి రాగానే పుస్తకాల సంచి మా ఇంట్లో పడేసి ఆ గుంట అంచుకు చేరిపోయేదాన్ని.

ఆయన కోరిక ఒకటుంది. అరక్కు రంగు చేపను పుట్టించాలి. ఎరుపులో నలుపు కలిసి ముదిరిన చీర రంగు అది; సరోజత్త పెళ్ళిచీర రంగు. అంగడిలో ఎర్ర చేపలున్నాయి, నల్ల చేపలున్నాయి, అరక్కు లేదు. కత్తితోకకూ ప్లాటీ అనే పొట్టి చేపకూ సంకరం కుదురుతుందని అంగడాయన చెప్పాడట. అంతే, మామకు దారి దొరికింది. వేళ్ళు ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా చాపి నాకు చూపించాడు. "తల్లి పడుగు. తండ్రి పేక. ఎర్ర పడుగులో నల్ల పేక వేస్తే గుడ్డ ఏం రంగు కనిపిస్తాది?" అన్నాడు. "అరక్కు," అన్నాను. "మరి చేప ఎందుకు కాదు?" అన్నాడు. జీవితమంతా పోగులు అడ్డంగా నిలువుగా వేసిన మనిషికి తప్ప ఇంకొకరికి ఈ ఆలోచన రాదు. తప్పని తేలినా, అది మంచి ఆలోచన అని ఇప్పటికీ అనిపిస్తుంది.

వేలూరు పోయి ఒక ఎర్ర ఆడ కత్తితోకను తెచ్చాడు. అది వచ్చేటప్పటికే కడుపుతో ఉంది, గుంటలో ఈనింది. మామకు ఆ సంగతి తెలుసు. అంగడి తొట్టిలో అన్నీ కలిసి తిరుగుతాయి కదా, ఆ పిల్లలు లెక్కలోకి రావన్నాడు. రంగు తేలకముందే వాటిని పక్కింటి పిల్లలకు ఇచ్చేశాడు; వాళ్ళ చేతిలో అవి బతకలేదు. కాన్పు అయిపోయింది, ఇంక కడుపు ఖాళీ, గంజి పోయేదాకా ఉతికిన నూలుతో సమానం అని ఆయన లెక్క. అప్పుడు నల్ల ప్లాటీ మగచేపను తెచ్చి వేశాడు. తల్లి తన పిల్లల్ని తినకుండా దాక్కోవడానికి చిక్కుపడిన తెల్లనూలు ఉండలు నీళ్ళలో వదిలాడు. మగ్గం మీదికి పనికిరాని ఆ నూలు గుంటలోనే పనికొచ్చింది. మళ్ళీ పిల్లలు పుట్టాయి. రంగు తేలేదాకా మేమిద్దరం రోజూ గుంట మీద వంగి చూసేవాళ్ళం. కొన్ని వారాలకు రంగు తేలింది. ఒక్కటి కూడా అరక్కు కాదు, నలుపూ కాదు. నారింజ రంగు ఒళ్ళు, తోక మాత్రం నల్లగా.

అటువంటి చేప వీధి మొత్తానికి ఒక్కటే ఉంది. అది మా ఇంట్లో ఉంది. బస్టాండు దగ్గర ప్లాస్టిక్ కవర్లలో చేపలమ్మే మనిషి దగ్గర నేను ముచ్చటపడి కొనుక్కున్న మగ ప్లాటీ. నారింజ ఒళ్ళు, నల్లతోక. మా వంటింటి గట్టు మీద సీసాలో ఉండేది. గుంట దగ్గరికి తలుపు కొట్టకుండా పోయేది వీధిలో నేనొక్కదాన్నే.

మాకు మునిసిపాలిటీ నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి. నీళ్ళొచ్చే ఉదయం వీధి ఆడవాళ్ళంతా కొళాయి దగ్గర బిందెలతో ఉంటారు. ఆ రోజు మామ అక్కడికి వచ్చాడు. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది, కోపంలో అన్నాడని నలుగురూ సర్దుకునేవాళ్ళు. "కస్తూరీ, నీ చేపను నా గుంటలో ఏంటికి విడిచినావమ్మా? అడిగింటే నేనే వద్దని చెప్పిందును గదా," అన్నాడు. నేను విడవలేదన్నాను. "విడవకుంటే ఆ తోక యాడ్నుంచి వచ్చింది?" అన్నాడు. నిజంగా నాకే తెలియదు, ఆ తోక ఎక్కడి నుంచి వచ్చిందో. బిందె నిండి పొర్లుతున్నా ఎవరూ తీయలేదు.

అమ్మ నన్ను అడిగింది ఒకే ఒక మాట. మా నాన్న నా చిన్నప్పుడే పోయాడు. అమ్మ అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పనిచేసి నన్ను చదివించేది. "వేసినావా?" అంది. "లేదు," అన్నాను. "సరి. ఇంక ఆ గడప తొక్కొద్దు," అంది. నమ్మిందో లేదో చెప్పలేదు, నేను అడగలేదు. అమ్మతో పాటు ఫ్యాక్టరీకి పోయే ఆడవాళ్ళు అప్పటిదాకా తమ ఇంటి తాళంచెవులు నాకిచ్చి పోయేవాళ్ళు. గ్యాస్ బండ వస్తే తలుపు తీయడం, వాన వస్తే దండెం మీద బట్టలు తీయడం, బడి లేనప్పుడు నా పని. ఆ వారం నుంచి తాళంచెవులు రావడం ఆగిపోయింది. వీధి చివరి ముసలమ్మకు ఇచ్చి పోవడం మొదలుపెట్టారు, అంతే. ఎవరింట్లో ఏం తీశానని? ఒక చేప తోక రంగు వల్ల నా మాట చెల్లకుండా పోయింది. ఆ రోజుల్లో నాకు ఏడుపు కంటే కోపం ఎక్కువగా ఉండేది.

తర్వాత జరిగింది నేను మా గుమ్మంలో నుంచి చూసింది కొంత, సరోజత్త చెప్పింది కొంత. మామ నల్ల చేపను తీసి కుండలో వేశాడు. పిల్లల్ని ఎవరికో ఇచ్చేశాడు. షెడ్డుకు పోయేటప్పుడు ముందుగదికి తాళం వేసుకొని పోయేవాడు. గుంటలో ఎర్ర చేప ఒక్కటే. అయినా దాని పొట్ట మళ్ళీ పెరిగింది. "ఆయన చూసినాడు, నేను చూసినా. ఇద్దరం ఒకరి మొగం ఒకరం చూసుకున్నాం," అంది సరోజత్త. తాళం వేసిన గదిలో ఒంటరి చేపకు కడుపు ఎట్లా వచ్చింది? నల్ల చేప పిల్లలే అయి ఉంటాయని సరిపెట్టుకోవచ్చు. మామ సరిపెట్టుకోలేదు. ఆ చేపను పెద్ద గాజు సీసాలోకి మార్చి, మూతికి పాత లుంగీ గుడ్డ కప్పి, చుట్టూ నూలు బిగించి ముడి వేశాడు. మగ్గం మీద తెగిన పోగును అతికేటప్పుడు వేసే చిన్న ముడి అది. ఒక్కొక్కరి చేతి ముడి ఒక్కొక్క తీరుగా ఉంటుంది. ఇంకెవరైనా విప్పి మళ్ళీ కడితే మామకు తెలిసిపోతుంది. మేత వేసినా, నీళ్ళు మార్చినా ఆయనే విప్పాలి, ఆయనే కట్టాలి. ఆ సీసాను వీధివైపు కిటికీలో, ఊచల లోపల, అందరికీ కనిపించేట్లు పెట్టాడు.

మా గుమ్మంలో నుంచి ఆ కిటికీ నేరుగా కనిపిస్తుంది. నేను చూడకూడదనుకుంటూనే రోజూ చూసేదాన్ని. ఒకరోజు బడికి పోతుంటే సీసా అడుగున సన్నగా ఏవో కదులుతున్నాయి. గుడ్డ అట్లాగే ఉంది, ముడి అట్లాగే ఉంది. వాటిలో కొన్నింటికి రంగు తేలినప్పుడు మళ్ళీ నారింజ ఒళ్ళు, నల్లతోక. మామ ఆ సీసా పట్టుకొని బస్సెక్కి వేలూరు పోయాడట. అంగడాయన నవ్వి, ఇదంతా మామూలే, ఈ జాతి ఆడచేప ఒక్కసారి కలిసిన మగదాని బీజాన్ని ఒంట్లో దాచుకొని నెలల తరబడి ఈనుతుంది, నా తొట్టిలో నల్లతోకలు ఎన్నో ఉన్నాయి, ఏది కలిసిందో ఎవరు చూశారు, అన్నాడట. బస్టాండు మనిషికి చేపలు పోయేదీ తన దగ్గర నుంచే అన్నాడట. వేరే ఎవరైనా అయితే అక్కడికి సరి అనుకొని తిరిగి వచ్చేవాళ్ళు. మామ మాత్రం చెవితో విన్నది చాలదని, అదే చేపను ఖాళీ సీసాలో వేసి, మళ్ళీ గుడ్డ కప్పి, మళ్ళీ ముడి వేశాడు. నాకు అన్నిటికంటే మండింది అక్కడే. సీసాలో మొదటి కాన్పు తర్వాతే వచ్చి నాతో ఒక మాట అని ఉండొచ్చు కదా. ఆయన ఇంకో కాన్పు కోసం కూర్చున్నాడు. వానలు మొదలయ్యాయి, మోర్ధానా డ్యామ్ నిండిందని ఊరంతా చూడడానికి పోయింది, ఆ సీసా ఇంకా కిటికీలోనే ఉంది.

అది మళ్ళీ ఈనింది. ఈసారి పిల్లలు కొంచెం తక్కువ. ఆ మర్నాడు నీళ్ళొచ్చే రోజు కాదు, మామ బయటికి రాలేదు. ఆపై ఉదయం కొళాయి దగ్గర వరుస నిండాక, సీసాను రెండు చేతులతో పొట్టకు ఆనించుకొని వీధి దాటి వచ్చాడు. ఎవరి ముందు నన్ను అన్నాడో వాళ్ళంతా ఉన్నారు. అమ్మ ఉంది. సీసాను కొళాయి గట్టు మీద పెట్టాడు.

"ముడి చూడండమ్మా, నాది," అన్నాడు. "లోపల మొగది లేదు. అయినా ఈనింది. ఒకసారి కాదు, మళ్ళా మళ్ళా ఈనింది. వేలూరు తొట్టిలోనే మూట గట్టుకొని వచ్చిండాది ఇది. నాకు తెల్లేదు."

ఒకామె, "అయితే కస్తూరి వెయ్యలేదని తేలిపోయింది," అంది, త్వరగా ముగించేద్దామన్నట్లు.

మామ తల అడ్డంగా ఊపాడు. "అట్ల తేలలేదమ్మా. పాప వేసిందా లేదా అనేది ఈ సీసా చెప్పడంలా. వేసింది అని చెప్పేదానికి నా దగ్గర ఏమీ లేదు, అంతే ఇది చెప్తా ఉండేది." నా వైపు తిరిగాడు. "మిగిలింది నీ మాట కస్తూరీ. అది నాకు చాలు. మొదటే చాలుండాల్సింది. నేను తప్పు జేసినా."

అంత సూక్ష్మంగా ఆలోచించి తనను తాను తప్పుపట్టుకున్న మనిషిని నేను అంతకుముందు చూడలేదు. సీసా నన్ను గెలిపించిందని అనేస్తే అందరికీ సులభం. ఆయన ఆ సులభాన్ని ఒప్పుకోలేదు. సీసా చెప్పగలిగినంతే సీసాతో చెప్పించి, మిగిలినదాన్ని నా మాట మీద పెట్టాడు. "సరి మామా," అన్నాను. అమ్మ ఒక బిందె నింపి మామ ఇంటి గడప దగ్గర పెట్టి వచ్చింది. ఆ సోమవారం నాలుగిళ్ళ తాళంచెవులు మా ఇంటికి తిరిగి వచ్చాయి.

అరక్కు చేప మాత్రం పుట్టలేదు. ఆ పిల్లల్లో ఆడవాటిని రంగూ రూపూ తెలియగానే వేరు చేసి, ఏ మగదాని నీడా పడకుండా పెంచి, పెద్దయ్యాక నల్ల ప్లాటీతో కలిపాం. అప్పుడు పుట్టినవి మసి చల్లినట్లున్నాయి. ఎర్ర ఒంటి మీద నల్లచుక్కలు, ఒక్కోదానికి ఒక్కోచోట. వాటి పిల్లల్లో అయితే అన్ని రకాలూ వచ్చాయి, ఎర్రవి, నల్లవి, ముత్తాత తోకతో పుట్టినవి కూడా. మామ గుంట అంచున కూర్చుని చాలాసేపు చూశాడు. "కలిసిపోతాయనుకుంటి," అన్నాడు. "కలవలేదు. లోపల యాడనో పోగులు పోగులుగానే ఉండాయి. విప్పితే మళ్ళా వస్తా ఉండాయి." నిరాశపడ్డాడనుకున్నాను. లేదు, "దీన్ని విప్పేదెవరో చూడాల," అని, మళ్ళీ ఏవి కలపాలో లెక్కలు మొదలుపెట్టాడు. ఆయన పోయి కొన్నేళ్ళయింది. సరోజత్త ఇప్పటికీ గుంట పూడ్చలేదు. టైల్స్ దాని అంచు దాకా వేయించుకుంది.

దివ్య గదిలో నిలబడినప్పుడు జవాబు నా నాలుక మీదే ఉంది. అంగడి తొట్టిలో కలిసి వచ్చిన చేప ఒంటరిగా ఉన్నా ఈనుతుందని రెండు ముక్కల్లో చెబితే సుగుణ వెనక్కి తగ్గేది, దివ్య బయటపడేది. కానీ అప్పుడు ఆ పిల్లను కాపాడింది చేప అవుతుంది. చేపల సంగతి తెలియని వార్డెన్ చేతిలో పడి ఉంటే ఏమయ్యేది? నా నడుముకు ఈ హాస్టల్ తాళంచెవులన్నీ వేలాడుతున్నాయి. ఒకప్పుడు అవి రాకుండా పోవడం అంటే ఏమిటో నాకు తెలుసు.

"ఒక్కటే తెచ్చానన్నావు," అన్నాను.

"ఒక్కటే మేడమ్."

"సరి. నీ మాట నాకు చాలు."

దివ్య నా మొహంలోకి చూస్తూ, ఇంకేదో షరతు వస్తుందని ఎదురుచూసింది. రాలేదు. మునిరత్నం మామ ఎండాకాలం నుంచి వానల దాకా సీసా కాపలా కాసి చివర అన్న మాటను నేను ముందు అన్నాను. అప్పుడు కుర్చీ లాక్కుని, సీసా ముందు కూర్చుని, "ఇప్పుడు చెప్పు, ఈ పిల్లలు ఎట్లా వచ్చాయో నీకు తెలుసుకోవాలని ఉందా?" అని అడిగాను. దివ్య కళ్ళు తుడుచుకొని నా పక్కన వంగింది. కాసేపటికి సుగుణ కూడా వంగింది.